క్లారా టౌన్ కుర్రాడు జార్జ్ వియా



ఈ పూట మీకు ఒక ఫుట్‌బాల్ ఆటగాడి జీవితం చెబుతాను. ఆయన పేరు జార్జ్ వియా. ఊరు మన్రోవియా. దేశం లైబీరియా. ఈ మూడు పేర్లూ కాస్త గుర్తుంచుకోండి. ప్రసంగం పొడవునా వస్తూనే ఉంటాయి.

ఫుట్‌బాల్ చూసేవాళ్లకు బాలన్ డోర్ అంటే తెలుసు. ఏటా అందరికన్నా బాగా ఆడిన ఆటగాడికి ఇచ్చే బంగారు బంతి అది. మెస్సీ చేతిలోనో, రొనాల్డో చేతిలోనో మీరు చూసే ఉంటారు. ఆఫ్రికా దేశం తరఫున ఆడుతూ ఆ బంతిని అందుకున్నవాడు ఇప్పటిదాకా ఒకే ఒక్కడు. 1995లో అందుకున్నాడు. అతనే మన జార్జ్ వియా. అంత పెద్ద ఖండం. అన్ని దేశాలు. అంతమంది ఆటగాళ్లు. అందుకున్నది మాత్రం ఒక్కడే.

ఆ ఒక్క బహుమతితోనే కథ అయిపోతే నాకు ఇంత సమయం అక్కర్లేదు. ఈ ఆటగాడు తర్వాతి కాలంలో తన దేశానికి అధ్యక్షుడయ్యాడు. ఆరేళ్లు పాలించాడు. మళ్లీ ఎన్నికలొస్తే ఓడిపోయాడు. పదవి దిగి ఇంటికి వెళ్లాడు. గద్దె ఎక్కడం ఒక కథ. దిగడం ఇంకో కథ. నన్నడిగితే, దిగడమే పెద్ద కథ అంటాను. ఎందుకంటారా? అది తెలియాలంటే ముందు ఆయన పుట్టిన దేశం సంగతి కొంచెం తెలియాలి.

లైబీరియా పశ్చిమ ఆఫ్రికాలో, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉంది. చిన్న దేశం. దేశం మొత్తం జనాభా మన హైదరాబాదు నగర జనాభా కంటే తక్కువ. ఒకప్పుడు అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు కొన్ని ఓడలెక్కి ఈ తీరానికి వచ్చి స్థిరపడ్డాయి. 1847లో తమది స్వతంత్ర దేశమని ప్రకటించుకున్నాయి. రాజధానికి మన్రోవియా అన్న పేరు కూడా జేమ్స్ మన్రో అనే అమెరికా అధ్యక్షుడి పేరు మీద పెట్టుకున్నదే. అలా వలస వచ్చినవాళ్ల సంతతి చేతిలోనే వందేళ్లకు పైగా అధికారం ఉండిపోయింది. తరతరాలుగా ఆ నేల మీదే ఉన్న తెగలవాళ్లు మాత్రం వెనకబడే ఉన్నారు. అలాంటి తెగల్లో ఒకటి క్రూ తెగ. సముద్రాన్ని నమ్ముకుని బతికిన జనం వాళ్లు. జార్జ్ వియా ఆ క్రూ తెగ బిడ్డ.

1966 అక్టోబరు 1న మన్రోవియాలో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోయారు. నాయనమ్మ పెంచింది. ఆవిడ పేరు ఎమ్మా. ఆవిడ నీడలో పెరిగింది జార్జ్ ఒక్కడే అనుకోకండి. పదిమందికి పైగా పిల్లలు ఆ ఇంట్లో. వాళ్లుండేది క్లారా టౌన్ అనే మురికివాడలో. చిత్తడి నేల. ఇరుకు ఇళ్లు. వాన పడితే నీళ్లు నిలిచే సందులు. అంతమంది పిల్లలకు మూడు పూటలా అన్నం పెట్టడం ఏ నాయనమ్మకైనా ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అలాంటి చోట పిల్లలకు దొరికే ఆట ఒక్కటే. ఫుట్‌బాల్. దానికి బ్యాటు అక్కర్లేదు, వికెట్లు అక్కర్లేదు. గుండ్రంగా ఉండి దొర్లేది ఏదైనా ఒకటుంటే చాలు. జార్జ్ పదిహేనేళ్లకే పేట కుర్రాళ్ల క్లబ్బులో చేరాడు. ఆ తర్వాత దేశంలోని పెద్ద క్లబ్బులకు ఆడాడు. గోల్స్ మీద గోల్స్ కొట్టాడు. అయినా లైబీరియాలో ఆట ఒక్కటే పెట్టుకుని బతకడం కష్టం. అందుకని టెలిఫోన్ సంస్థలో ఉద్యోగం చేశాడు. స్విచ్‌బోర్డు టెక్నీషియన్. ఒకపక్క టెలిఫోన్ తీగలు, ఒకపక్క ఫుట్‌బాల్. ప్రపంచం మెచ్చిన ఆటగాడు ఇరవయ్యేళ్ల వయసులో చేస్తున్న పని అది.

అక్కడి నుంచి 1987లో కామెరూన్ వెళ్లాడు. అక్కడ యవుండే నగరంలో టొనేర్ అనే క్లబ్బుకు ఆడాడు. అప్పట్లో కామెరూన్ జాతీయ జట్టుకు శిక్షకుడు ఒక ఫ్రెంచివాడు. పేరు క్లాడ్ లెరోయ్. ఆయన కంటికి ఈ కుర్రాడు ఆనాడు. ఫ్రాన్స్ లీగ్‌లో ఆడే మొనాకో క్లబ్బుకు అప్పుడు శిక్షకుడు ఆర్సెన్ వెంగర్. అవును, తర్వాత ఇంగ్లండ్‌లో ఆర్సెనల్ క్లబ్బును ఇరవై రెండేళ్లు నడిపిన వెంగరే. లెరోయ్ వెళ్లి వెంగర్‌తో చెప్పాడు, ఇలాంటి కుర్రాడొకడు ఉన్నాడు, వదులుకోకు అని. వెంగర్ వదులుకోలేదు. 1988లో జార్జ్ వియా మొనాకో చేరాడు.

శ్రోతలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. క్లారా టౌన్ ఎక్కడ? మొనాకో ఎక్కడ? మొనాకో అంటే కోటీశ్వరులు పడవలు కట్టేసుకునే ఊరు. అక్కడికి ఇరవై రెండేళ్లు కూడా నిండని కుర్రాడు వచ్చి పడ్డాడు. భాష తెలియదు. చలి అలవాటు లేదు. నల్లని ఒంటిరంగును చూసి ఎగతాళి చేసే నోళ్లకు ఐరోపా మైదానాల్లో అప్పట్లో కొదవ లేదు. ఆ పరిస్థితుల్లో వెంగర్ తనను కన్నకొడుకులా చూసుకున్నాడని వియా ఎన్నో సార్లు చెప్పుకున్నాడు.

ఆయన చెప్పిన ఒక సంగతి వినండి. ఒకరోజు సాధన మరీ కఠినంగా ఉంది. కుర్రాడు అలిసిపోయాడు. వెంగర్ దగ్గరికెళ్లి తలనొప్పిగా ఉందన్నాడు. వెంగర్ కోప్పడలేదు. కష్టంగా ఉందని నాకు తెలుసు, అయినా కష్టపడాలి, నీకున్న ప్రతిభకు నువ్వు ప్రపంచంలోనే గొప్ప ఆటగాళ్లలో ఒకడివి అవుతావని నా నమ్మకం, అన్నాడు. కుర్రాడు ఆ మాట విన్నాడు. తిరిగి మైదానంలోకి వెళ్లాడు. చెప్పినవాడు నమ్మి చెప్పాడు. విన్నవాడు నమ్మి విన్నాడు. గురుశిష్యుల మధ్య అంతకు మించి ఏం కావాలి?

మొనాకోలో నాలుగేళ్లు ఆడాడు. అక్కడినుంచి పారిస్ వెళ్లాడు. పారిస్ సెయింట్ జర్మైన్ క్లబ్బు. అక్కడ ఫ్రాన్స్ లీగ్ గెలిచాడు. 1994-95 ఐరోపా చాంపియన్స్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టాడు. 1995లో ఇటలీకి వెళ్లాడు. ఏసీ మిలాన్. ఆ రోజుల్లో ప్రపంచంలో అంత పేరున్న క్లబ్బులు ఒకటో రెండో. ఆ ఏడాది చివరే బాలన్ డోర్ వచ్చింది.

ఇందులో ఒక విశేషం ఉంది. అంతకుముందు దాకా బాలన్ డోర్ ఐరోపా ఆటగాళ్లకే. పెలే అంతటివాడికి కూడా అప్పట్లో అది దక్కే వీల్లేదు. మరడోనాకూ అంతే. 1995లో నిబంధన మార్చారు. ఐరోపా క్లబ్బుల్లో ఆడేవాళ్లు ఏ దేశంవాళ్లయినా సరే, అర్హులే అన్నారు. తలుపు తెరిచిన మొదటి ఏడాదే లోపలికి నడిచి వచ్చినవాడు లైబీరియా కుర్రాడు. అదే ఏడాదికి ఫిఫా ఇచ్చే ప్రపంచ ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా అతనికే వచ్చింది. ఆ సభలో వియా తన గురువు వెంగర్‌ను వేదిక మీదికి పిలిచి, ఈ గౌరవం ఈయనకే చెందుతుందని అందరి ముందూ చెప్పాడు.

మరి అతని ఆట ఎలా ఉండేది? ఒక్క గోల్ చెబుతాను. ఒకే ఒక్క గోల్. కళ్లు మూసుకుని వినండి.

1996 సెప్టెంబరు 8. మిలాన్ నగరంలో శాన్ సిరో మైదానం. వెరోనా జట్టుతో ఆట. వెరోనాకు కార్నర్ దొరికింది. బంతి మిలాన్ గోల్ ముందుకు గాలిలో ఎగిరి వచ్చింది. అందరినీ దాటుకుని అవతలి పక్కన దిగింది. అక్కడున్నది వియా. గుర్తుంచుకోండి, అతను గోల్స్ కొట్టే ఫార్వర్డ్. అప్పుడున్నది మాత్రం తమ సొంత గోల్ దగ్గర. సొంత పెనాల్టీ బాక్సులో. బంతిని కాలితో ఆపాడు. తల ఎత్తి చూశాడు. మామూలు ఆటగాడైతే పక్కవాడికి అందించి ఊపిరి తీసుకుంటాడు. వియా పరుగెత్తడం మొదలుపెట్టాడు.

బంతి కాలి దగ్గరే ఉంది. ఒకణ్ణి దాటాడు. మైదానం మధ్యకు వచ్చాడు. అక్కడ వెరోనావాళ్లు చుట్టూ మూగారు. ఇక బంతి పోయిందనే అనుకుంటారు చూసేవాళ్లు. గిరుక్కున తిరిగాడు. వాళ్ల మధ్యనుంచి బయటపడ్డాడు. బంతి ఇంకా అతని దగ్గరే ఉంది. ముందు ఖాళీ నేల. వేగం పెంచాడు. ఎదురొచ్చిన ఇంకొకణ్ణి తప్పించాడు. గోల్ దగ్గర పడింది. నేలబారుగా కొట్టాడు. గోల్‌కీపర్ అందుకోలేకపోయాడు. బంతి వలలో ఉంది.

ఈ గోల్ నుంచి ఆ గోల్ దాకా. ఎవరికీ పాస్ ఇవ్వలేదు. ఎవరి సాయమూ తీసుకోలేదు. తన గోల్ ముందు దొరికిన బంతిని మైదానం మొత్తం మోసుకెళ్లి అవతలి గోల్‌లో వేశాడు. ముప్పై ఏళ్లు కావస్తున్నా ఇటలీ జనం ఆ గోల్ గురించి ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు.

పొగుడుతున్నాను కదా అని లోపాలు దాచను. అదే ఏడాది నవంబరులో పోర్చుగల్‌లో ఒక మ్యాచ్ ముగిశాక, మైదానంలోంచి లోపలికి వెళ్లే దారిలో, ఎదుటి జట్టు ఆటగాణ్ణి ముఖాన కొట్టాడు. అవతలివాడి ముక్కు విరిగింది. వియాను ఆరు మ్యాచ్‌లకు దూరం పెట్టారు. అతను నన్ను జాతి పేరుతో తిట్టాడు, అందుకే ఓపిక నశించింది, అని వియా అన్నాడు. అవతలివాడు కాదన్నాడు. నిజం ఏదైనా, కొట్టడం తప్పు. శిక్ష అనుభవించాడు. మళ్లీ ఆటలోకి వచ్చాడు.

ఇప్పుడు లైబీరియాకు తిరిగి వెళదాం. వియా ఐరోపాలో గోల్స్ కొడుతున్న ఆ రోజుల్లోనే, అతని దేశం తగలబడుతోంది.

1980లో సామ్యూల్ డో అనే సైనికుడు అధ్యక్షుణ్ణి చంపి గద్దెనెక్కాడు. 1989 చివర్లో చార్లెస్ టేలర్ అనేవాడు సాయుధ దళంతో దేశంలోకి చొరబడ్డాడు. 1990లో డోను తిరుగుబాటుదార్లు పట్టుకుని చంపారు. చంపి గద్దెనెక్కినవాణ్ణి చంపి దించారు. టేలర్ చొరబడిన నాటి నుంచి పద్నాలుగేళ్ల పాటు, మధ్యలో కొద్ది విరామంతో, అంతర్యుద్ధం. రెండున్నర లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. హైదరాబాదు కంటే తక్కువ జనమున్న దేశంలో రెండున్నర లక్షల మంది. చిన్నపిల్లల చేతుల్లో తుపాకులు పెట్టారు. స్కూలుకెళ్లాల్సిన పదేళ్ల పిల్లలు సైనికులయ్యారు.

ఇలాంటి దేశానికి ఫుట్‌బాల్ జట్టు ఎలా ఉంటుంది? ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. అసలు ప్రభుత్వమే సరిగా లేదు. అప్పుడు జార్జ్ వియా ఏం చేశాడో తెలుసా? జట్టు ఖర్చు తన నెత్తిన వేసుకున్నాడు. ఆటగాళ్ల విమానం టిక్కెట్లు తను కొన్నాడు. జెర్సీలు తను కొన్నాడు. వాళ్లకు జీతాలు తను ఇచ్చాడు. కెప్టెన్ తనే. ముందుండి గోల్స్ కొట్టేది తనే. తర్వాత్తర్వాత శిక్షకుడి పనీ తనే చేశాడు. మిలాన్‌లో సంపాదించినదాంట్లోంచి తీసి లైబీరియా జట్టును బతికించాడు.

ఆ జట్టు పేరు లోన్ స్టార్. లైబీరియా జెండా మీద ఒకే ఒక్క నక్షత్రం ఉంటుంది. దాని పేరే జట్టుకు పెట్టుకున్నారు. ఆ జట్టు 1996లో మొదటిసారి ఆఫ్రికా కప్పుకు అర్హత సాధించింది. 2002లో మళ్లీ సాధించింది. అదే సమయంలో ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో చివరిదాకా పోరాడింది. ఆ గుంపులో ఘనా ఉంది. నైజీరియా ఉంది. చివరికి నైజీరియాకు పదహారు పాయింట్లు. లైబీరియాకు పదిహేను. ఒక్క పాయింటు. ఒక్క పాయింటుతో ప్రపంచ కప్పు చేజారింది.

ప్రపంచంలో ఉత్తమ ఆటగాడు అనిపించుకున్నవాడు జీవితంలో ఒక్క ప్రపంచ కప్పు మ్యాచ్ కూడా ఆడలేదు. అతని ఆటలో లోపమేమీ లేదు. అతను పుట్టిన దేశం అలాంటిది. వేరే దేశం తరఫున ఆడడానికి అతను ప్రయత్నించనూ లేదు. లైబీరియా జెర్సీలోనే ఆడాడు. లైబీరియా జెర్సీలోనే ఓడాడు.

దేశం కోసం నోరు విప్పినందుకు కూడా మూల్యం చెల్లించాడు. 1996లో ఒక అమెరికన్ పత్రికతో మాట్లాడుతూ, ఐక్యరాజ్యసమితి వచ్చి మా దేశాన్ని కాపాడాలి అన్నాడు. దాని తర్వాత మన్రోవియాలో అతని ఇంటిని సాయుధులు దోచుకుని తగలబెట్టారు. అయినా వెనక్కి తగ్గలేదు. యూనిసెఫ్ రాయబారిగా, తుపాకీ పట్టిన పిల్లలను మళ్లీ చదువు వైపు, ఆట వైపు తిప్పే పనిలో పాలుపంచుకున్నాడు.

2003లో యుద్ధం ముగిసింది. అదే ఏడాది వియా ఆట నుంచి తప్పుకున్నాడు. 2005లో దేశానికి ఎన్నికలు వచ్చాయి. వియా అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. యువకులు వీధుల్లోకి వచ్చి అతని పేరు జపించారు. మొదటి విడతలో అందరికంటే ఎక్కువ ఓట్లు అతనికే. రెండో విడతలో మాత్రం ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ గెలిచింది. హార్వర్డ్‌లో చదువుకున్న మనిషి. ఆఫ్రికాలో ఎన్నికల ద్వారా అధ్యక్షురాలైన మొదటి మహిళ.

ఆ ఓటమిని వియా అప్పుడు ఎలా తీసుకున్నాడో దయచేసి గుర్తుపెట్టుకోండి. మోసం జరిగింది అన్నాడు. ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేశాడు. అతని అభిమానులు వీధుల్లో గొడవ చేశారు. కొన్ని వారాల తర్వాత ఫిర్యాదు వదిలేశాడు. అది 2005 నాటి వియా.

ఎన్నికల ప్రచారంలో ప్రత్యర్థులు అతన్ని ఒకే మాటతో పొడిచారు. చదువు లేదు. బంతి తన్నడం వేరు, దేశం నడపడం వేరు. ఆ మాటలు బాధించకుండా ఉంటాయా? బాధించాయి. వియా ఏం చేశాడు? చదువుకున్నాడు. నలభయ్యేళ్లు వచ్చాక హైస్కూలు పరీక్ష పాసయ్యాడు. అమెరికాలో డిగ్రీ చేశాడు. ఆ పైన పరిపాలనలో మాస్టర్స్ డిగ్రీ కూడా పుచ్చుకున్నాడు. కోట్లు సంపాదించి, ప్రపంచమంతా తిరిగి, బంగారు బంతి ఇంట్లో పెట్టుకుని, నలభై దాటాక మళ్లీ పుస్తకం పట్టుకోవడం తేలిక పని కాదు.

ఇక్కడ మనకు దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. ఆ సంవత్సరాల్లో మన్రోవియా వీధుల్లో శాంతిని కాపాడినవాళ్లలో మన భారతీయ ఆడపిల్లలున్నారు. సీఆర్‌పీఎఫ్ మహిళా పోలీసులు. ఐక్యరాజ్యసమితి తరఫున 2007లో లైబీరియా వెళ్లారు. పూర్తిగా మహిళలతోనే ఏర్పడిన ఇలాంటి పోలీసు దళాన్ని ఐక్యరాజ్యసమితి పంపడం అదే మొదటిసారి. తొమ్మిదేళ్ల పాటు, దళం తర్వాత దళం, వాళ్లక్కడ పనిచేశారు. అధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా వాళ్లదే. తుపాకీ అంటే భయం తప్ప మరేమీ తెలియని ఊళ్లో, తుపాకీ పట్టుకున్న ఆడవాళ్లు రక్షణగా నిలబడ్డారు. లైబీరియాలో ఎన్నికలు ప్రశాంతంగా సాగే రోజులు రావడం వెనక అలాంటివాళ్ల శ్రమ కూడా ఉంది.

వియా 2011లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేశాడు. ఓడాడు. 2014లో సెనేట్‌కు పోటీ చేశాడు. ప్రత్యర్థి ఎవరో కాదు, సాక్షాత్తూ అధ్యక్షురాలి కొడుకు. భారీ ఆధిక్యంతో గెలిచాడు. 2017లో మళ్లీ అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. ఈసారి గెలిచాడు. 2018 జనవరి 22న మన్రోవియా శివారులోని ఫుట్‌బాల్ స్టేడియంలో ప్రమాణం చేశాడు. లైబీరియాలో ఒక ఎన్నికైన ప్రభుత్వం నుంచి ఇంకో ఎన్నికైన ప్రభుత్వానికి అధికారం శాంతియుతంగా చేతులు మారడం 1944 తర్వాత అదే మొదటిసారి. క్లారా టౌన్ మురికివాడలో పెరిగిన పిల్లవాడు, నాయనమ్మ పెంచిన పిల్లవాడు, దేశాధ్యక్షుడయ్యాడు.

అదే ఏడాది ఆగస్టులో ఇద్దరు పెద్దలను మన్రోవియాకు పిలిపించాడు. ఒకరు వెంగర్. ఇంకొకరు లెరోయ్. దేశపు ఉన్నత పురస్కారం ఇద్దరికీ ఇచ్చాడు. రాజకీయ నాయకుడిగా వియాను మెచ్చనివాళ్లు కొందరు దీన్నీ తప్పుపట్టారు. నాకైతే అందులో తప్పు కనబడలేదు. గురువును మరిచిపోని శిష్యుడు కనబడ్డాడు.

మరి పాలన ఎలా సాగింది? ఉన్నమాట చెప్పుకుందాం. మంచి ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ చదువుకు ఫీజు ఎత్తేశాడు. రోడ్లు వేయించాడు. తన జీతం తగ్గించుకుంటున్నానని పదవిలోకి వచ్చిన వారం రోజుల్లోనే ప్రకటించాడు. చెడూ ఉంది. ధరలు పెరిగాయి. ప్రభుత్వంలో పెద్దల మీద అవినీతి ఆరోపణలు వచ్చాయి. 2019లో వేలమంది మన్రోవియా వీధుల్లో నిరసన తెలిపారు. యుద్ధకాలపు నేరాలను విచారించే కోర్టు ఆయన హయాంలో ఏర్పడలేదు. బాధితులు అది ఇప్పటికీ మరిచిపోలేదు. 2022లో దేశంలో ఎన్నో సమస్యలుండగా వారాల తరబడి విదేశాల్లో ఉన్నాడని జనం కోప్పడ్డారు.

ఆ ప్రయాణంలో ఒక మజిలీ ఖతార్. అక్కడ ప్రపంచ కప్పు జరుగుతోంది. ఆయన కొడుకు టిమోతీ వియా అమెరికాలో పుట్టి, అమెరికా జట్టుకు ఆడుతున్నాడు. వేల్స్ మీద గోల్ కొట్టాడు. తండ్రి జీవితంలో ఎన్నడూ అడుగుపెట్టలేని పోటీలో కొడుకు గోల్ కొట్టాడు. తండ్రి చూస్తూ కూర్చున్నాడు. అధ్యక్షుడిగా ఆ ప్రయాణం తప్పో ఒప్పో లైబీరియా జనం తేల్చుకుంటారు. తండ్రిగా ఆయన గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో మనం ఊహించుకోగలం.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. మొదట్లో చెప్పాను, గద్దె దిగడమే పెద్ద కథ అని.

2023లో ఎన్నికలు వచ్చాయి. ప్రత్యర్థి జోసెఫ్ బొకాయ్. ఆరేళ్ల క్రితం వియా చేతిలో ఓడినవాడే. రెండో విడత పోటీ హోరాహోరీగా సాగింది. లెక్కింపు చివరికి వచ్చింది. తేడా ఇరవై వేల ఓట్ల చిల్లర. ఇంత చిన్న తేడా వస్తే ఎన్ని దేశాల్లో ఎన్ని గొడవలు జరిగాయో వార్తలు వినే మీకు తెలుసు. మళ్లీ లెక్కించండి అంటారు. మోసం అంటారు. కోర్టుకెళతారు. సైన్యాన్ని పిలుస్తారు. అందులోనూ అది లైబీరియా. అధ్యక్షుణ్ణి చంపి ఒకడు అధికారంలోకి వచ్చిన దేశం. ఆ వచ్చినవాణ్ణీ చంపిన దేశం. పైగా అప్పటికి రెండు మూడేళ్లుగా చుట్టుపక్కల దేశాల్లో, మాలిలో, గినీలో, బుర్కినా ఫాసోలో, నైజర్‌లో, వరసగా సైనిక తిరుగుబాట్లు.

నవంబరు 17 రాత్రి అధ్యక్షుడు వియా జాతీయ రేడియోలో మాట్లాడాడు. పూర్తి ఫలితం అధికారికంగా ప్రకటించక ముందే మాట్లాడాడు. మా పార్టీ ఓడింది, లైబీరియా గెలిచింది, అన్నాడు. బొకాయ్‌కు ఫోన్ చేసి అభినందించానని చెప్పాడు. ఓటమిని హుందాగా ఒప్పుకోవాల్సిన సమయమిది, పార్టీ కంటే దేశం మిన్న, అని తన వాళ్లకు చెప్పాడు.

అంతే.  అభిమానులు ఇళ్లకు వెళ్లారు. 2024 జనవరిలో కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేశాడు.

2005లో ఓడినప్పుడు మోసం అన్న మనిషి, 2023లో ఓడినప్పుడు అభినందనలు అన్నాడు. రెండింటి మధ్య పద్దెనిమిదేళ్లు. ఆ పద్దెనిమిదేళ్లలో ఎన్ని ఓటములు, ఎంత చదువు, ఎంత ఆలోచన ఉన్నాయో మీరే లెక్కవేసుకోండి. మనిషి పుట్టుకతోనే పెద్దమనసుతో రాడు. నేర్చుకుంటాడు. వియా నేర్చుకున్నాడు. అతను నేర్చుకున్నందువల్ల ఒక దేశం ఇంకోసారి రక్తం చూడకుండా తప్పించుకుంది.

నా తీర్పు ఇది. జార్జ్ వియా మహా ఆటగాడు. అందులో సందేహం లేదు. పాలకుడిగా మంచీ చెడూ రెండూ మిగిల్చినవాడు. అందులోనూ సందేహం లేదు. ఓటమిని ఒప్పుకున్న తీరులో మాత్రం ఆయన తన ఖండానికే ఒక దారి చూపించాడు. శాన్ సిరోలో కొట్టిన గోల్‌కు చప్పట్లు కొట్టింది ఒక స్టేడియం. నవంబరు 17 రాత్రి చెప్పిన మాటతో నిశ్చింతగా నిద్రపోయింది ఒక దేశం.

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు చివరగా ఒక మనవి. మీ వీధిలో, మీ బడిలో ఆటంటే ప్రాణం పెట్టే పిల్లలు తప్పకుండా ఉంటారు. వాళ్లలో ఇంటి దగ్గర దన్ను లేనివాళ్లూ ఉంటారు. వాళ్లను ఒకసారి ఆగి చూడండి. ఎమ్మా లాంటి నాయనమ్మ అన్నం పెట్టింది. లెరోయ్ లాంటివాడు గుర్తుపట్టాడు. వెంగర్ లాంటివాడు నమ్మాడు. ఈ ముగ్గురూ లేకపోతే జార్జ్ వియా లేడు. అన్నం పెట్టేవాళ్లు, గుర్తుపట్టేవాళ్లు, నమ్మేవాళ్లు. ఈ మూడింటిలో ఏదో ఒక పని మనందరికీ చేతనవుతుంది.

ఇంకొక్క మాట. వెరోనా మీద వియా కొట్టిన ఆ గోల్‌ను మీ పిల్లలకు ఫోన్‌లో వెతికి చూపించండి. కేరింతలు కొడతారు. కొట్టనివ్వండి. ఆ తర్వాత వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఇతనే తర్వాత దేశాధ్యక్షుడై, ఓడిపోయి, గెలిచినవాడికి ముందుగా తనే ఫోన్ చేశాడని కూడా చెప్పండి. గెలవడం ఎలాగో పిల్లలకు చాలామంది నేర్పుతారు. ఓడడం ఎలాగో మనమే నేర్పాలి.